అట్ట చూసి కొంటున్నారా?

బజారుకెళ్ళి వంకాయలు ఏరేటప్పుడు మనల్ని మోసం చెయ్యడం అంత తేలిక కాదు. తొడిమ చూస్తాం, నొక్కి చూస్తాం, పుచ్చు వుందేమోనని తిప్పి తిప్పి చూస్తాం. చీర కొనేటప్పుడు కొంగు విప్పించి, వెలుతురులోకి పట్టుకెళ్ళి, రంగు పోతుందా అని నాలుగుసార్లు అడుగుతాం. అంతటి మనం సినిమా పత్రిక దగ్గరకొచ్చేసరికి మాత్రం అట్ట చూడగానే పర్సు తీసేసేవాళ్ళం! లోపల ఏముందో చూసే ఓపిక కూడా వుండేది కాదు. అయినా కొట్టువాడు చూడనిస్తేగా! "కొంటే కొనండమ్మా, నలిపెయ్యకండి" అనేవాడు.

సినిమా పత్రికల జోరు ఇప్పుడు చాలావరకు తగ్గిపోయింది. ఎన్నో ఆగిపోయాయి కూడా. మరి ఈవారం వాటి ముచ్చట ఎందుకంటారా? ఆ అట్టలు మనమీద ఎలా పనిచేశాయో తెలిస్తే, ఇవాళ మన చేతిలోని సెల్‌ఫోను ఏం చేస్తోందో తెలుస్తుంది. అద్దం ముందు నిలబడి మొహం చిన్నబుచ్చుకునే మన ఆడపిల్ల మనసు కూడా కొంత తెలుస్తుంది. కాబట్టి పొయ్యిమీద కూర వుంటే మంట తగ్గించి రండి. తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఏది ఎక్కడ? ఎందుకు?

రైల్వేస్టేషన్లో హిగ్గిన్‌బాథమ్స్ స్టాలో, మీ ఊరి బస్టాండులో పుస్తకాల కొట్టో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పత్రికలు ఒకదాన్నొకటి సగం కప్పేస్తూ మెట్లు మెట్లుగా పేర్చి వుండేవి. వెనక వరసలో వాటికి పైభాగం మాత్రమే కనబడేది. అందుకే పత్రిక పేరు ఎప్పుడూ పైనే. తార ముఖం కూడా పైసగంలోనే. పాదాలదాకా కనబడే బొమ్మ వేస్తే ముఖం చిన్నదైపోతుంది, పదడుగుల దూరంనుంచి ఎవరో పోల్చుకోలేం. అందుకని ఎక్కువగా భుజాలనుంచి పైకే బొమ్మ వేసేవారు.

ఇక కళ్ళు. ఫొటో తీసేటప్పుడు తార కెమెరావైపు సూటిగా చూస్తే, ఆ బొమ్మని మీరు ఎటు పక్కనుంచి చూసినా అది మిమ్మల్నే చూస్తున్నట్టు వుంటుంది. పూజగదిలో దేవుడి పటం మనం ఏ మూల నిలబడినా మనవైపే చూస్తున్నట్టనిపించడం ఇందుకే. పదిమంది నడిచిపోయే చోట ఎవరో మిమ్మల్నే పలకరించినట్టు చూస్తే ఆగకుండా వుంటారా?

పేరుపడ్డ పత్రికలు ఇంకో చమత్కారం కూడా చేసేవి. తార తల పైకి వచ్చి పత్రిక పేరులో ఒకటి రెండు అక్షరాల్ని కప్పేసేది. కొత్త పత్రిక అలా చెయ్యలేదు, పేరు తెలియకుండా పోతుంది. బాగా తెలిసిన పత్రికైతే సగం పేరు చూసినా పోల్చుకుంటాం. మన పక్కింటావిడని నడక చూసి గుర్తుపట్టినట్టే!

రంగుల లెక్క మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పేడనీళ్ళు చల్లిన వాకిట్లో తెల్లముగ్గు ఎలా ఎగిరొస్తుందో అదే సూత్రం. తార కట్టిన చీర ముదురురంగైతే అక్షరాలు పసుపు, లేతరంగైతే అక్షరాలు ఎరుపు. అంతే.

అట్టమీద ఆడవాళ్ళ బొమ్మ వేసేది మగవాళ్ళ కోసమే అనుకుంటారు చాలామంది. కాదండీ. మగవాళ్ళు చూసేది ఒకటి, మనం చూసేది ఒకటి. మనకి కావలసింది జాకెట్టు చేతుల కుట్టు, నెక్లెసు మోడలు, తల్లో పూలు పెట్టుకున్న తీరు. వాణిశ్రీ కొప్పు చూసి అలా ముడివేసుకోవాలని సవరాలు కొనుక్కున్నవాళ్ళు మన అమ్మల్లో, అత్తల్లో ఎందరో! పత్రిక చేత్తో పట్టుకుని టైలరు దగ్గరకెళ్ళి "ఇదిగో, ఇలాగే మెడ పెట్టాలి" అని చూపించినవాళ్ళమే మనమంతా. ఫ్యాషను పుస్తకం విడిగా కొనలేని ఇళ్ళలో సినిమా పత్రిక అట్టే ఫ్యాషను పుస్తకం.

రంగు చూడటానికే కొన్న రోజులు

మన తెలుగులో పూర్తిగా రంగుల్లో వచ్చిన మొదటి సినిమా 1963లో 'లవకుశ'. ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు ఎక్కువ సినిమాలు నలుపు తెలుపుల్లోనే వచ్చాయి. 1957లో 'మాయాబజార్' చూసినవాళ్ళకి శశిరేఖ కట్టిన బట్టలు ఏ రంగువో తెలిసే దారి లేదు. 2010లో ఆ సినిమాకి రంగులద్ది మళ్ళీ విడుదల చేసేదాకా ఎవరి ఊహ వారిదే.

అలాంటి రోజుల్లో, 1966లో, 'విజయచిత్ర' మాసపత్రిక వచ్చింది. విజయా సంస్థ నాగిరెడ్డిగారి ప్రచురణ. తమిళంలో 'బొమ్మై' కూడా అదే ఏడాది మొదలైంది. ఆ ఇంటినుంచే 1947నుంచి 'చందమామ' వస్తూ వుండేది. వడ్డాది పాపయ్యగారు, ఎం.టి.వి. ఆచార్యగారు వేసిన చందమామ అట్టలు మన ఇళ్ళలో ఎంతమంది దాచుకోలేదు? రంగుల అట్ట విలువ బాగా తెలిసిన ఇల్లది. సినిమాహాల్లో నలుపు తెలుపుల్లో చూసిన తారని ఇంటికొచ్చి రంగుల్లో చూసుకోవడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతా? ఆ రంగుకే డబ్బులిచ్చారు జనం.

'విజయచిత్ర' బాధ్యత ఎన్నో ఏళ్ళు చూసినవారు నటుడు, రచయిత రావి కొండలరావుగారు. సినిమాలు తీసే ఇంటి పత్రిక కనుక, సినిమావాళ్ళ గురించి రాసేటప్పుడు ఇంట్లో మనుషుల గురించి మాట్లాడినంత మర్యాదగా వుండేది. కొందరికి చప్పగా అనిపించి వుండొచ్చు. కానీ ఇందులో ఒక న్యాయం వుంది చూడండి. అట్టమీద ఒక ముఖం చూపించారు, ఇంతే మాట ఇచ్చారు. ఆ ముఖం మీకు దక్కింది. మాట చెల్లిపోయింది.

వారం వారం కొత్త ముఖం

1970ల్లో వారపత్రికలు రంగంలోకి దిగాయి. ఈనాడు సంస్థనుంచి 'సితార', ఆంధ్రజ్యోతి సంస్థనుంచి 'జ్యోతిచిత్ర'. మాసపత్రికకి ఏడాదికి పన్నెండు అట్టలు చాలు. వారపత్రికకి యాభైరెండు కావాలి! రోజూ ఏం కూర వండాలా అని మనం తల పట్టుకున్నట్టే, వాళ్ళకి వారం తిరిగేసరికి అట్టమీద ఎవర్ని వెయ్యాలన్న బెంగ.

దానికి తేలికైన ఉపాయం ఏమిటంటే, ఆ వారమో పైవారమో విడుదలయ్యే సినిమా స్టిల్సు. నిర్మాతకి ప్రచారం కావాలి, పత్రికకి బొమ్మ కావాలి. ఇచ్చి పుచ్చుకోవడం కుదిరిపోయింది. గోడమీద పోస్టరు వేస్తే నిర్మాత ఖర్చు పెట్టుకోవాలి. అదే బొమ్మ అట్టమీదకెక్కితే ఆ పోస్టరుని మనమే డబ్బిచ్చి కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నట్టు! ఇది మోసమనడం లేదండోయ్. కొత్త సినిమా కబురు మనకీ కావాలిగా. సంక్రాంతికి ఏ సినిమా వస్తోందో, ఎవరి పక్కన ఎవరు వేస్తున్నారో ఆ అట్ట చూసే తెలుసుకునేవాళ్ళం. కాకపోతే అందులో ప్రకటన పాలెంత, పత్రిక పాలెంత అన్నది తెలిసి కొనడం మంచిది.

రంగుల అచ్చు ఖర్చుతో కూడిన పని. ఎరుపు, పసుపు, నీలం, నలుపు నాలుగింటికీ నాలుగు ప్లేట్లు కావాలి. అందుకే అట్టకి నున్నటి కాగితం, రంగులు. లోపలికెళ్తే మాసిన న్యూస్‌ప్రింటు. మళ్ళీ మధ్యలో పిన్నులు కొట్టిన చోట రెండు పేజీల నిండా రంగుల బొమ్మ. అక్కడే ఎందుకంటే, పత్రిక మొత్తంలో మధ్యలో విరగకుండా ఒకే కాగితంగా వుండేది ఆ రెండు పేజీలే. పిన్నులు విప్పితే చక్కగా గోడకి అంటించుకోవచ్చు. అద్దె పుస్తకాల షాపునుంచి తెచ్చుకున్న పత్రికలో ఎప్పుడు చూసినా ఆ నడిమి బొమ్మ మాయమై వుండేది ఇందుకే!

ప్రశ్న గుర్తు ఖరీదెంత?

ఇప్పుడు ఒకసారి బొంబాయి వెళ్ళొద్దాం. అక్కడినుంచి వచ్చే ఇంగ్లీషు సినిమా పత్రికలు మన ఊళ్ళలోనూ బాగానే అమ్మేవారు. 1935లో బాబూరావు పటేల్ 'ఫిల్మిండియా' పెట్టాడు. దాని అట్టలు ఎస్.ఎం. పండిట్ లాంటి చిత్రకారులు కుంచెతో వేసినవి. 1952 మార్చిలో 'ఫిల్మ్‌ఫేర్' వచ్చింది. మొదటి సంచిక అట్టమీద కామినీ కౌశల్. ఒక ముఖం, ఒక పేరు, ఒక నవ్వు. మన విజయచిత్ర పద్ధతే.

1971 అక్టోబరులో నారీ హీరా అనే ఆయన 'స్టార్‌డస్ట్' మొదలుపెట్టాడు. తొలినాళ్ళనుంచే సంపాదకురాలు, ఇప్పుడు మనం శోభా డే అని పిలుస్తున్నావిడ. మొదటి సంచిక అట్టమీద రాజేష్ ఖన్నా. 1969లో 'ఆరాధన' వచ్చాక దేశంలో ఆడపిల్లలంతా అతని పేరే జపిస్తున్న రోజులవి. బొమ్మ ఒక్కటే వేస్తే ఫిల్మ్‌ఫేర్‌కీ దీనికీ తేడా ఏముంది? అందుకని బొమ్మ పక్కన ఒక ప్రశ్న వేశారు. అతను రహస్యంగా పెళ్ళి చేసేసుకున్నాడా, అని.

ఇంకేముంది! జవాబు తెలుసుకోకుండా ఎవరుంటారు? తీరా చూస్తే రాజేష్ ఖన్నాకి డింపుల్ కపాడియాతో పెళ్ళయింది 1973 మార్చిలో. అంటే ఆ ప్రశ్న అచ్చయిన ఏడాదిన్నర తరవాత! ప్రశ్న వేసిన పత్రిక అబద్ధం చెప్పిందా? లేదు. అడిగిందంతే. ఇక్కడే వుంది కిటుకు. "పెళ్ళి చేసుకున్నాడు" అని అచ్చువేస్తే రుజువు చూపించాలి. "చేసుకున్నాడా?" అంటే ఏ పూచీ లేదు. ఆ చిన్న గుర్తు పత్రికకి గొడుగులా అడ్డం నిలబడుతుంది, తడిసేది మాత్రం ఎవరి గురించి అడిగారో వాళ్ళు.

1974 చివర 'సినీబ్లిట్జ్' వచ్చేసరికి ఈ దారి బాగా నలిగింది. మన తెలుగులోనూ గుసగుసల పేజీలు పెరిగాయి. "ఆ అందాలతార ఎవరు?", "ఆ ఇద్దరి మధ్య ఏం జరిగింది?" ఇలాంటి శీర్షికలు మీకూ గుర్తుండే వుంటాయి. లోపల చదివితే అట్టమీద వున్నంత కూడా వుండేది కాదు. పైన పటారం, లోన లొటారం.

మూడు రకాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ముఖం చూపించే అట్ట మన ఇష్టంమీద పనిచేస్తుంది. కొత్త సినిమా చూపించే అట్ట మన తొందరమీద పనిచేస్తుంది. ప్రశ్న వేసే అట్ట మాత్రం మన ఆరాటంమీద పనిచేస్తుంది. మొదటి రెండూ అట్ట మీదే ఇచ్చేయాల్సింది ఇచ్చేస్తాయి. మూడోది మాత్రం ఇవ్వకుండా ఊరిస్తుంది.

వెనకట్ట కూడా చూడండి

ముందు అట్టమీద తార నవ్వుతుంది. పత్రిక తిప్పితే వెనకట్టమీద సబ్బు ప్రకటన. అక్కడా తారే! 1941లో లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనబడింది మొదలు, పెద్ద తారలెందరో ఆ సబ్బు చేత్తో పట్టుకున్నవాళ్ళే. తెల్లబరిచే క్రీము 'ఫెయిర్ అండ్ లవ్లీ' 1975లో మార్కెట్లోకి వచ్చింది. ఆ పేరులో 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టడానికి 2020దాకా పట్టింది! ముందట్ట "ఇలా వుంటే అందం" అంటుంది. వెనకట్ట "అలా వుండాలంటే ఇది కొనండి" అంటుంది. మధ్యలో వున్నది మనమూ, మన పిల్లలూ.

ఆ ముఖమైనా నిజమా? 1989లో అమెరికాలో 'టీవీ గైడ్' అట్టమీద ఓప్రా విన్‌ఫ్రీ బొమ్మ వేశారు. తల ఆవిడదే, ఒళ్ళు మాత్రం ఆన్-మార్గరెట్ అనే నటిది! ఫొటోషాప్ మార్కెట్లోకి రాకముందు సంగతిది. అది వచ్చింది 1990లో. తరవాత ఇక అడ్డేముంది? 2003లో బ్రిటన్‌లో 'జీక్యూ' పత్రిక అట్టమీద 'టైటానిక్' నటి కేట్ విన్‌స్లెట్‌ని సన్నగా సాగదీసి వేశారు. ఆవిడే బయటికొచ్చి చెప్పింది, తాను అలా వుండదనీ, అలా వుండాలన్న కోరిక కూడా తనకి లేదనీ. అట్టమీది మనిషే అట్టమీద మనిషిలా వుండదన్నమాట! అలాంటప్పుడు మన పిల్ల తన చెంపమీద మొటిమ చూసుకుని అన్నం మానేస్తే ఎవరిని అనాలి?

ఇప్పటి అట్ట చేతిలోనే వుంది

పుస్తకాల కొట్టు దండెం ఇప్పుడు సెల్‌ఫోనులోకి వచ్చింది. యూట్యూబులో ఒక్కో వీడియోకి ముందు ఒక బొమ్మ వుంటుంది, చూశారుగా? దాన్ని థంబ్‌నెయిల్ అంటారు. అది అచ్చంగా పాత సినిమా పత్రిక అట్టే. పెద్ద ముఖం, మనవైపే చూసే కళ్ళు, పసుపు ఎరుపు అక్షరాలు, చివర ప్రశ్న గుర్తు. కన్నీళ్ళు పెట్టుకున్న నటి బొమ్మ, పక్కన "అసలేం జరిగింది?" అన్న మాట. నొక్కితే పది నిమిషాలు తిప్పి తిప్పి చివరికి ఏమీ చెప్పరు. డబ్బులు పోలేదుగా అనుకుంటాం. పొయ్యిమీద పాలు పొంగిపోతాయి, పిల్లాడి హోంవర్కు అలాగే వుంటుంది. మనం చూసిన ప్రతి నిమిషానికీ మధ్యలో వచ్చే ప్రకటనలు వాళ్ళకి డబ్బు తెచ్చిపెడుతూనే వుంటాయి.

ఆ ప్రశ్న గుర్తు ఎంతదాకా వెళ్ళగలదో 2018 ఫిబ్రవరిలో చూశాం. చిన్నపిల్లగా తెరమీదకొచ్చి, 1978లో 'పదహారేళ్ళ వయసు'తో మన ఇంటి పిల్లైపోయిన శ్రీదేవి దుబాయ్‌లో చనిపోయింది. ఎన్ని అట్టలమీద నవ్విందో లెక్కలేని ముఖం అది. రెండు మూడు రోజులపాటు కొన్ని టీవీ ఛానళ్ళు స్నానాల తొట్టి బొమ్మలు వేసి, ఎలా జరిగింది, ఎందుకు జరిగింది అని ప్రశ్నలమీద ప్రశ్నలు గుప్పించాయి. చివరికి దుబాయ్ అధికారులు స్పృహతప్పి ప్రమాదవశాత్తూ నీళ్ళలో మునిగిపోయిందని తేల్చి కేసు మూసేశారు. ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు తల్లికోసం ఏడుస్తుంటే, ఊరంతా వాళ్ళ అమ్మ స్నానాలగది గురించి చర్చించింది. అవి చూసినవాళ్ళు వుండబట్టే కదా వాళ్ళు వేసింది! మన వీధిలో ఒకరింట్లో చావు జరిగితే మనం గుమ్మం ముందు నిలబడి అలా అడుగుతామా?

మరి మనమేం చెయ్యాలి?

సినిమా కబుర్లు మానెయ్యమని ఎవరన్నారు? పని చేసి అలిసిపోయినవాళ్ళకి కాసేపు రంగుల బొమ్మలు చూసుకోవడం కూడా తప్పేనా? చూద్దాం. కాకపోతే వంకాయ ఏరినట్టు ఏరుకుని చూద్దాం.

ఒకటి: చివర ప్రశ్న గుర్తు వుంటే, జవాబు "లేదు" అనుకుని ముందుకి వెళ్ళిపోండి. నిజంగా జరిగిన సంగతైతే ప్రశ్నలా వెయ్యరు, వార్తలా వేస్తారు.

రెండు: పేరు చెప్పకుండా "ఓ ప్రముఖ నటి" అని మొదలుపెడితే అక్కడితో ఆపెయ్యండి. పేరు లేని కబురుకి పూచీ కూడా వుండదు.

మూడు: అట్టమీద, థంబ్‌నెయిల్ మీద ఏ మాట ఇచ్చారో గుర్తుపెట్టుకోండి. లోపల ఆ మాట నిలబెట్టుకోకపోతే ఆ పత్రిక మళ్ళీ కొనకండి, ఆ ఛానలు మళ్ళీ నొక్కకండి. కల్తీ నూనె అమ్మినవాడి కొట్టుకి మళ్ళీ వెళ్తామా?

నాలుగు: అందమైన ముఖం చూసి పిల్ల దిగులు పడుతుంటే "నువ్వే బాగున్నావులే" అని ఊరుకోకండి. ఆ ముఖం వెనక ఎంతమంది పని వుందో చెప్పండి. మేకప్ మనిషి, జుట్టు దువ్వే మనిషి, లైట్లు పట్టే మనిషి, ఫొటో తీసే మనిషి, ఆ తరవాత కంప్యూటరు ముందు కూచుని మచ్చలు తుడిచే మనిషి. ఇంతమంది కలిసి ఒక బొమ్మ తయారుచేస్తే, బడికెళ్ళి ఎండలో నడిచొచ్చిన పిల్ల ఒక్కతే దాంతో పోటీపడాలా?

"మీ పత్రిక అట్టమీదా ఆడవాళ్ళ బొమ్మేగా!" అని మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. నిజమే. పత్రిక ఏదైనా అట్ట కావాలి, అట్టకి ఆకర్షణా కావాలి. పోపు ఘుమఘుమ వీధిలోకి రాకపోతే మన వంట సంగతి పక్కింటికి ఎలా తెలుస్తుంది? కానీ పోపు పెట్టాక పప్పు కూడా ఉడికి వుండాలి. మాకైనా ఇంతే కొలత. మేం అట్టమీద చెప్పింది లోపల లేకపోతే ఒక కార్డు ముక్క రాసి పడెయ్యండి, మొహమాటం వద్దు.

మీ అటకమీద, పరుపు కింద పాత సినిమా పత్రికలు ఇంకా వుంటే తూకానికి వేసే ముందు ఒక్కటి బయటికి తియ్యండి. మీ అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని, అట్ట చూసి లోపల ఏముంటుందో ఇద్దరూ చెరొక కాగితంమీద రాయండి. ఆ తరవాత తెరిచి చూడండి. అదే పని ఆమె ఫోనులో మూడు థంబ్‌నెయిల్స్‌తోనూ చెయ్యండి. అరగంట పడుతుంది. బోలెడు నవ్వుకుంటారు కూడా.

వచ్చేవారం ఊరగాయల కాలం కబుర్లు. జాడీలు కడిగి ఎండబెట్టి వుంచుకోండి!